సిటీ పక్కన పాడి: ఈ నెల మీ ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ హైదరాబాద్ చుట్టుపక్కల నుంచే ఉన్నాయి, బెజవాడ వైపు నుంచి ఒకటి. ఒకేరకం ప్రశ్నలు కలిపేశాను, మీ ఉత్తరం కనపడకపోతే జవాబు ఇంకోదాంట్లో ఉండి ఉంటది, చూస్కోండి.

ప్రశ్న: డాక్టర్ సాబ్, మాది ఘట్‌కేసర్ దగ్గర. పన్నెండు బర్లు ఉన్నయి, అన్నీ ముర్రా. ఒక్కోదానికి రోజుకు 20 కిలోల బీర్ పొట్టు, 15 కిలోల మూసీ గడ్డి, 2 కిలోల వరిగడ్డి, కిలో తవుడు పెడ్తున్నం. కడుపు నిండా తింటున్నయి, ఏం తక్కువ చేస్తలేం. అయినా పాలల్ల వెన్న పడిపోయింది, డెయిరీలో రేటు తగ్గుతుంది, పేడ పల్చగ పడ్తుంది, నాలుగు బర్లు ఈని ఐదు నెలలైనా ఎదకు రాలే. ఇంకా ఏం పెట్టాలె?

జవాబు: తమ్ముడూ, నువ్వు పెట్టేది బరువు లెక్కలో 38 కిలోలు, చూస్తే తట్టలు నిండుగనే ఉంటయి, కానీ అందులో నీళ్ళెన్నో చూడు. బీర్ పొట్టు అంటే బీరు ఫ్యాక్టరీల మిగిలే బార్లీ పొట్టు, అందులో నూటికి 75-80 పాళ్ళు నీళ్ళే. మూసీ గడ్డి అంటే పారా గడ్డి, అందులోనూ 80 పాళ్ళు నీళ్ళే. నీళ్ళు తీసేసి లెక్క కడదాం, పొట్టులో నాలుగు కిలోల చిల్లర, గడ్డిలో మూడు, వరిగడ్డిలో ఒకటిన్నర పైన, తవుడు ఇంకో కిలో లోపు. మొత్తం కలిపితే 10 కిలోలు. ఐదొందల కిలోల బర్రె ఎనిమిది పది లీటర్లు ఇయ్యాలంటే ఎండు లెక్కన 13-14 కిలోలు పడాలె. అంటే రోజూ మూడు నాలుగు కిలోల మేత బాకీ పడ్తుంది, ఆ బాకీని బర్రె తన ఒంట్లో కొవ్వు కరిగించి తీరుస్తుంది, ఈనిన బర్రె ఒళ్ళు తగ్గుతుంటే ఎదకెట్ల వస్తది? గర్భసంచికి ఇంజెక్షన్లు వేయించే ముందు వీపు మీద చెయ్యి పెట్టి పక్కటెముకలు ఎట్ల తగుల్తున్నయో చూడు.

ఇంకోటి. వెన్న తగ్గడం, పేడ పల్చబడడం రెండూ ఒక్క చోటి నుంచే వస్తున్నయి, నువ్వు వరిగడ్డి బాగా తగ్గించినవ్ కదా. బీర్ పొట్టులో పీచు ఉన్నా అది పొట్టి పీచు, నెమరు వేయించేది కాదు. పొడుగు పీచు తింటేనే బర్రె నెమరేస్తది, నెమరేస్తేనే లాలాజలం ఊరుతది, ఆ లాలాజలమే కడుపులో పులుపును అదుపులో పెడ్తది, పాలల్ల వెన్న తయారయ్యేది కూడా ఆ పీచు పులిసినప్పుడు వచ్చే సరుకు నుంచే. వరిగడ్డి రేటు పెరిగింది, నాకు తెలుసు, కోత మెషిన్లు వచ్చినంక గడ్డి పొలంలనే పోతుంది, కొందరు తగలబెడ్తున్నరు, బేలర్లతో కట్టలు కట్టించి సిటీకి తెచ్చేసరికి కిరాయే సగమైతుంది. అయినా పొడుగు పీచు దగ్గర బేరం ఆడొద్దు. జొన్న చొప్ప దొరికితే ఇంకా మంచిది, చాప్ కట్టర్‌లో వేసి పెట్టు, లేకపోతే మొదళ్ళు వదిలేస్తయి.

నేనైతే ఇట్ల మారుస్త. బీర్ పొట్టు సగానికి, 10 కిలోలకు. వరిగడ్డి 5 కిలోలు. మూసీ గడ్డి 10 కిలోలు, కోసినంక నాలుగైదు గంటలు ఎండకు వాడ్చి. మక్క సైలేజీ, అంటే గాలి తగలకుండ పాతరేసి నిలవ చేసిన పచ్చి మక్క చొప్ప, 8 కిలోలు. దాణా 3 కిలోలు, అందులో సగం మక్క రవ్వ, మిగిలింది పత్తి చెక్క, గోధుమ పొట్టు. ఎండు లెక్కన చూస్తే 13 కిలోల పైన వస్తది. మక్క ఎందుకంటే, నీ మేతలో మాంసకృత్తులు ఇప్పటికే బానే ఉన్నయి, బీర్ పొట్టు ఎండు సరుకులో నూటికి 25 దాకా అవే, తక్కువున్నది శక్తి. శక్తి లేకుండా ప్రోటీన్ ఎక్కువైతే అది యూరియాగా మారి మూత్రంలో పోతది, చూలు నిలవడానికి కూడా మంచిది కాదు. ఈ మార్పంతా ఒక్కరోజులో చెయ్యొద్దు, పది పన్నెండు రోజులు పట్టనియ్యి, కడుపులో సూక్ష్మజీవులకు కొత్త మేత అలవాటు కావాలె.

ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, ఇది తప్పదు. బీర్ పొట్టులో, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, పైగా వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేస్కుంటయి. మినరల్ మిక్చర్ ప్యాకెట్ తెచ్చి అటక మీద పెట్టి బర్రెకు సుస్తీ చేసినప్పుడే దించేటోళ్ళను చాలామందిని చూసిన, అది మందు కాదు, ఉప్పులాగ రోజూ దాణాలో కలపాలె.

మూసీ గడ్డి గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తా. ఉప్పల్, నాగోల్, పీర్జాదిగూడ వైపు మురుగునీళ్ళతో ఏళ్ళ నుంచి పెరుగుతున్న గడ్డే అది, ఎండాకాలంల కూడా పచ్చగ దొరికేది, అందుకే డెయిరీలన్నీ దాని మీద బతికినయి. ఇబ్బందులు రెండు. ఒకటి కార్జపు జలగ, నీళ్ళల్ల నత్తల ద్వారా గడ్డి మీదికి చేరి బర్రె కడుపులోకి పోతది, బర్రె చిక్కిపోతది, ముదిరితే దవడ కింద నీరు దిగుతది. పేడ పరీక్ష చేయించి దానికి సరైన మందే తాగించు, మామూలు నట్టల మందులు అన్నీ దీనికి పనిచెయ్యవు. రెండోది ఫ్యాక్టరీల నీళ్ళతో వచ్చే లోహాలు, పైన అంటిన మట్టి కడిగితే పోతది, గడ్డి లోపలికి పీల్చుకున్నది పోదు. పూర్తిగా మానెయ్యమంటే నీకు కుదరదు, అందుకే రోజుకు 10 కిలోలు దాటనీయకు అంటున్న.

ప్రశ్న: మేం బోడుప్పల్‌లో ఉంటాం, దగ్గర్లో ఉన్న షెడ్డు నుంచి పాలు పోయించుకుంటాం. వాళ్ళు గేదెలకి బీర్ ఫ్యాక్టరీ వేస్ట్ పెడతారని ఈమధ్యే తెలిసింది. మా పాపకి మూడేళ్ళు. ఆ పాలల్లో ఆల్కహాల్ ఉంటుందా? మా అత్తగారైతే వెంటనే మాన్పించేయమంటున్నారు.

జవాబు: ఆల్కహాల్ భయం వద్దమ్మా. బీరు చేసేటప్పుడు ముందు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెడతారు, తియ్యటి రసం దిగాక దాన్ని వడగట్టి పొట్టు బయటికి తీసేస్తారు, ఈస్టు కలిపి పులియబెట్టేది ఆ రసాన్నే. అంటే సంగారెడ్డి వైపు బ్రూవరీల నుంచి ట్రాక్టర్లలో వచ్చే పొట్టు బీరు కాకముందే పక్కకొచ్చిన బార్లీ అన్నమాట. మీ అత్తగారికి ఇది చెప్పండి, నమ్ముతారో లేదో నాకు తెలీదు.

కానీ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పొట్టు తడిగా ఉంటుంది కాబట్టి మన ఎండలకి రెండు మూడు రోజుల్లో పులిసిపోయి బూజు పడుతుంది. బూజు పట్టిన పొట్టు గానీ, తడిసిన పల్లీ చెక్క, పత్తి చెక్క, మక్కలు గానీ తింటే అఫ్లాటాక్సిన్ అనే విషం గేదె ఒంట్లోకి వెళ్ళి దాని ఇంకో రూపం పాలల్లోకి వస్తుంది, కాచినా పోదు. అందుకే మన ఆహార భద్రతా సంస్థ కిలో పాలకి 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. ఒకసారి షెడ్డుకెళ్ళి చూడండి, పొట్టు సిమెంటు గచ్చు మీద ఎండలో కుప్పగా పోసి ఉందా, మూత పెట్టిన డ్రమ్ముల్లో గట్టిగా తొక్కి ఉందా, మేత తొట్టి అడుగున నల్లగానో గులాబీ రంగులోనో బూజు ఉందా. శుభ్రంగా ఉంటే నిశ్చింతగా పోయించుకోండి.

షెడ్డు వాళ్ళు ఇది చదువుతుంటే మీకూ ఓ మాట, డ్రమ్ములో గాలి లేకుండా తొక్కి, పైన కాస్త ఉప్పు చల్లి, కవరు కప్పి బరువు పెడితే పొట్టు చాలా రోజులు నిలవుంటుంది, తెరిచాక మాత్రం రెండ్రోజుల్లో వాడేయాలి. బూజు పట్టిన భాగం తీసి పారేయండి, వట్టిపోయిన గేదెకే కదా అని దానికి పెట్టకండి, చూడి గేదె అయితే ఈసుకుపోయే, అంటే చూలు పోయే ప్రమాదం కూడా ఉంది.

ప్రశ్న: సార్, మలక్‌పేట మార్కెట్ల పని చేస్త, పాడైన ఉల్లిగడ్డలు ఫ్రీగ దొరుకుతయి, కాలీఫ్లవర్ ఆకు, క్యాబేజీ కూడా తెస్త. రెండు బర్లు, ఒక జెర్సీ ఆవు ఉన్నయి. పోయిన నెల ఈనిన బర్రె మూత్రం కాఫీ రంగుల పోస్తుంది, తినుడు తగ్గింది, పాలు సగమైనయి. ఎవరో దిష్టి అన్నరు.

జవాబు: దిష్టి సంగతి తర్వాత, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు 1962కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ నెంబరు అది, లేదంటే దగ్గర్ల ఉన్న పశువుల దవాఖానకు పో. ఇది ఇంట్ల కూసుండి చూస్కునే రోగం కాదు, ఒంట్ల రక్తం విరిగి మూత్రంలోకి పోతుంది, రెండు మూడు రోజులు జాగు చేస్తే బర్రె దక్కదు.

ఎందుకొస్తది అంటే మూడు దార్లున్నయి. ఎక్కువ పాలిచ్చే బర్రెకు ఈనిన నెల రోజుల్ల భాస్వరం తగ్గితే ఎర్ర రక్తకణాలు పగులుతయి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకు ఎక్కువ తిన్నా అదే పని చేస్తది, నీ దగ్గర రెండూ కలిసినట్టున్నయి. ఉల్లిగడ్డ కూడా అంతే, మనకు మంచిదే, పశువుకు మాత్రం రక్తం విరగ్గొడ్తది, గొర్రెలు మేకలు కొంత ఓర్చుకుంటయి, పశువులు అంత ఓర్వవు. మూడోది గోమార్ల రోగం, అంటే పిడుదులు కుడితే వచ్చేది, అది ఎక్కువ సంకరజాతి ఆవులకు వస్తది, జొరం కూడా ఉంటది, కాబట్టి డాక్టర్‌ను రక్తపు చుక్క స్లైడ్ మీద చూడమను, మందు వేరే. భాస్వరం తక్కువైతే నరంలోకి ఎక్కించే ఇంజెక్షన్ ఉంది, టైముకు పడితే బర్రె తేరుకుంటది.

ఇప్పటి నుంచి ఉల్లిగడ్డ బందు. ఫ్రీగ వచ్చిందని మేత మొత్తం దాని మీద నడపొద్దు. క్యాబేజీ ఆకు రోజుకు నాలుగైదు కిలోలు దాటనీయకు, అది కూడా పాలు పిండినంకనే పెట్టు, ముందు పెడితే పాలకు వాసనొస్తది. క్యారట్, ఆలుగడ్డ, మామిడి టెంకలు, ముల్లంగి ఏదైనా ముక్కలు చేసే పెట్టు, గుండ్రంగ ఉన్నది గొంతుకు అడ్డం పడితే కడుపు ఉబ్బి అరగంటల చచ్చిపోయిన పశువులున్నయి. కవర్లు, రబ్బరు బ్యాండ్లు, సుతిలి దారం ఏరి పారెయ్యి. బోయిన్‌పల్లి మార్కెట్ల కూరగాయల చెత్తతో కరెంటు చేస్తున్నరు, 2021 జనవరిల ప్రధాని రేడియోల కూడా చెప్పిండు, నాకైతే కుళ్ళిన ఉల్లిగడ్డకు అదే సరైన జాగ అనిపిస్తది.

ప్రశ్న: కొంపల్లి దగ్గర మా బావగారి షెడ్డు ఉంది, పక్కనే ఫంక్షన్ హాళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్లో మిగిలిన అన్నం, పులిహోర, పూరీలు తెచ్చి పోస్తారు. పోయినేడాది రెండు గేదెలు ఒక్క రాత్రిలో పోయాయి. ఫుడ్ పాయిజన్ అన్నారు. అన్నంలో విషం ఎలా వస్తుందండి?

జవాబు: అన్నంలో విషం ఉండనక్కర్లేదండి, ఎక్కువ అన్నమే విషం. గేదె పెద్ద కడుపు గడ్డిని నెమ్మదిగా పులియబెట్టడానికి ఉంది. ఒక్కసారిగా పది పదిహేను కిలోల ఉడికిన అన్నం పడితే లాక్టిక్ యాసిడ్ తయారుచేసే క్రిములు విపరీతంగా పెరిగి, కడుపులో పులుపు ఎక్కువై, ఒంట్లో నీరంతా కడుపులోకి లాగేసుకుంటుంది, నెమరు ఆగిపోతుంది, పేడ పుల్లటి వాసనతో నురగగా పడుతుంది, కళ్ళు గుంటలు పడతాయి, తూలుతుంది, పడుకుంటే లేవదు. ఇరవై నాలుగు గంటల్లో పోవచ్చు. పెళ్ళిళ్ళ సీజన్లో పశువుల ఆస్పత్రుల్లో మామూలుగా చూసే కేసే ఇది.

తిన్నదని తెలిసిన వెంటనే, ఇంకా లక్షణాలు రాకముందే డాక్టర్ని పిలవండి. ఆయన వచ్చేలోపు దాణా ఆపేసి ఎండుగడ్డి మాత్రమే పెట్టండి, 100-150 గ్రాముల వంటసోడా లీటరు నీళ్ళలో కలిపి నెమ్మదిగా తాగించొచ్చు, తల మరీ పైకెత్తొద్దు, నాలుక పట్టుకుని లాగొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో చావు. పడిపోయిన గేదెకి నోట్లో ఏదీ పోయొద్దు.

పెట్టనే కూడదా అంటే, రోజుకి ఒకటి రెండు కిలోలకి మించకుండా, ఎండుగడ్డి తిన్న తర్వాత, తాజాగా ఉంటే పర్లేదు. నూనె కూరలు, మాంసం కలిసినవి, పులిసిపోయినవి అస్సలు వద్దు. మీ బావగారికి ఈ ముక్క చదివి వినిపించండి, షెడ్డులో పనిచేసే అబ్బాయికి కూడా, అసలు ఆ గిన్నెలు తెచ్చి ఒంపేది అతనే కదా.

ప్రశ్న: డాక్టర్ గారండీ, నమస్కారం. మాది కంకిపాడు దగ్గరండి, బెజవాడ ఇప్పుడు మా ఊరి దాకా వచ్చేసింది, పచ్చిక బీళ్ళన్నీ ప్లాట్లు అయిపోయాయి. ఐదు గేదెలు, అరెకరం మెట్ట ఉంది. వరిగడ్డి మాకు కొదవలేదు, పచ్చిమేతే లేదు. యూరియా గడ్డి చేయమంటున్నారు, భయమేస్తోంది. అరెకరంలో ఏం వేసుకోవాలి?

జవాబు: వరిగడ్డి కొదవలేదంటే సగం పని అయినట్టేనమ్మా, హైదరాబాద్ వాళ్ళు వింటే కుళ్ళుకుంటారు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగే, యూరియా పట్టిస్తే ఏడెనిమిది దాకా వస్తాయి, మెత్తబడి ఎక్కువ తింటాయి కూడా. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొర మీద పొర వేస్తూ చల్లి, తొక్కి, టార్పాలిన్ కప్పి 21 రోజులు గాలి చొరకుండా ఉంచాలి. తీసేటప్పుడు ఘాటు వాసన వస్తుంది, ఓ గంట ఆరబెట్టాక పెట్టండి. ఆరు నెలల లోపు దూడలకి వద్దు. భయపడాల్సింది ఆ గడ్డికి కాదు, యూరియా కలిపిన బకెట్టుకి, గేదె మూతి పెట్టి తాగిందంటే దక్కడం కష్టం, కలిపే చోటికి గేదెల్ని రానివ్వకండి. ఇంకొకటి, దాణాలో గానీ కుడితిలో గానీ యూరియా ఎప్పుడూ వేయొద్దు.

అరెకరంలో మూడొంతులు సూపర్ నేపియర్ గానీ సీఓ-4 గానీ వేయండి, రెండూ నేపియర్ గడ్డి రకాలే, ఒక వంతు హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి మేత వేయండి. నేపియర్ మొదటి కోత 70-75 రోజులకి, తర్వాత ప్రతి 45 రోజులకి. పొడుగు పెరిగితే బరువొస్తుందని వదిలేస్తారు, కాడ ముదిరి కర్ర అయిపోతుంది. మరీ లేతది కోసినా ఆక్సలేట్లు ఎక్కువుంటాయి. గట్ల మీద అవిశ వేసుకోండి. మీ వైపు వరి కోశాక పిల్లిపెసర, జనుము చల్లడం పెద్దవాళ్ళకి అలవాటే, పక్క రైతులు చల్లితే మాట్లాడుకుని కోసుకోండి, పిల్లిపెసర అంత మంచి మేత డబ్బిచ్చి కొన్నా దొరకదు. అజొల్లా మీద చాలా వీడియోలు తిరుగుతున్నాయి, రోజుకి కిలో రెండు కిలోలు వస్తే అందులో తొంభై పాళ్ళు పైన నీళ్ళే, సరదాకి పెంచుకోండి, దాన్ని నమ్మి దాణా తగ్గించొద్దు.

జొన్న వేసే ఆలోచన ఉంటే ఒక్క జాగ్రత్త, పూత రాకముందు, అందులోనూ నీటి ఎద్దడికి వాడిన లేత జొన్నలో సైనైడు విషం ఉంటుంది, నిమిషాల్లో పడిపోతాయి.

ప్రశ్న: దాణా బస్తా మీద టైప్-1, టైప్-2 అని ఉంటుంది, తేడా ఏంటి? ఏది కొనాలి?

జవాబు: ఐఎస్ఐ లెక్కలో టైప్-1లో మాంసకృత్తులు కనీసం 22 శాతం, టైప్-2లో 20. పూటకి నాలుగైదు లీటర్లిచ్చే గేదెకి టైప్-1, మిగతావాటికి టైప్-2 చాలు. బస్తా మీద తయారైన తేదీ చూడండి, గుప్పెడు దాణా గ్లాసు నీళ్ళలో వేసి కలిపి పది నిమిషాలు ఆగండి, అడుగున ఇసుక ఎంత దిగిందో కనపడుతుంది. పాలకోసం గేదెకైతే రెండు లీటర్లకి కిలో, ఆవుకైతే రెండున్నర లీటర్లకి కిలో, అది కాక ఒంటికోసం కిలో, కిలోన్నర. పచ్చిమేత బాగుంటే కొంచెం తగ్గించొచ్చు.

ప్రశ్న: శంషాబాద్ దగ్గర అన్నా మాది. హర్యానా నుంచి తెచ్చిన బర్లు పాలు తగ్గంగనే అమ్మేసి కొత్తవి తెస్తం, వట్టి బర్రెను మేపితే గిట్టదు అంటరు మా వాళ్ళు. నాకు మాత్రం మనసొప్పుతలేదు, మంచి బర్లు కోతకు పోతున్నయి. మేపితే నిజంగ గిట్టదా?

జవాబు: సిటీలో, కొనుక్కొచ్చిన మేత మీద, చూలు కట్టని వట్టి బర్రెను మేపితే గిట్టదు, మీ వాళ్ళు చెప్పింది నిజమే. కానీ లెక్క అక్కడ మొదలుపెడితే ఎప్పుడూ గిట్టదు తమ్మీ. ఈనినంక మూడు నెలల్ల బర్రె మళ్ళ చూలు కట్టేటట్టు చూస్తే, పాలు ఆపేసరికి అది ఏడెనిమిది నెలల చూడితో ఉంటది, వట్టిగ తినేది రెండు మూడు నెలలే. పాలిచ్చే టైముల మేత ఆదా చేసి ఒళ్ళు తగ్గించేస్తరు, తర్వాత ఎదకొస్తలేదు అని అమ్మేస్తరు, అసలు నష్టం అక్కడుంది. బర్రె ఎద గుర్తుపట్టుడు కూడా కష్టం, ఆవు లెక్క అరవదు, ఎండాకాలంలో మరీ కనపడదు, తెల్లారగట్ల, రాత్రి పది తర్వాత చూడాలె, తీగ లెక్క జిగురు వేస్తుందా, ఊకూకె మూత్రం పోస్తుందా అని. ఆ టైముకు షెడ్డుల ఎవ్వరూ ఉండరు.

చూలు ఖాయమైన బర్రెను ఊర్లో చుట్టాల దగ్గర మేపుకు వదలొచ్చు, షాద్‌నగర్, కల్వకుర్తి దిక్కు ఇంకా చొప్ప, బీళ్ళు ఉన్నయి, చాలామంది చేస్తున్నరు, దూడ వాళ్ళకు, బర్రె నీకు అనో, నెలకింత అనో ముందే మాట్లాడుకో. ఈనేముందు రెండు నెలలు పాలు పిండొద్దు, ఆఖరి రెండు నెలలు మామూలు మేత మీద కిలోన్నర, రెండు కిలోల దాణా ఎక్కువ పెట్టమను, దానికి పైసలు నువ్వే ఇయ్యి, లేకపోతే వాళ్ళు పెట్టరు. ఈనేటప్పటికి పదిహేను రోజుల ముందు తెచ్చుకుంటే షెడ్డు మేతకు అలవాటైతది. ఆ పదిహేను రోజులు కాల్షియం తాగించకు, తాగిస్తే ఈనినంక పాలజ్వరం వచ్చే అవకాశమే పెరుగుతది, కాల్షియం ఈనిన రోజు నుంచి మొదలుపెట్టు.